తలలు పెట్టని సైన్యం

ఏప్రిల్ 6, ఆదివారం

ఇందుమూలముగా సమస్త జనులకు, అనగా నాకు, తెలియజేయడమేమనగా: గుడియాత్తం గుంటమగ్గం సంస్థానాధీశుడూ, సోడామూతల సర్వసైన్యాధ్యక్షుడూ, ఎనిమిదో తరగతితో చదువుకు దండం పెట్టిన మహాపండితుడూ అయిన లోగనాథన్ అనే నేను ఈ సాయంత్రం కాఫీ తాగి, మూతి తుడుచుకుని, ఈ శాసనం వేస్తున్నాను. నేటి నుంచి అరవ నెల వైకాశి మొదటి తేదీన వచ్చే గంగమ్మ శిరస్సు పండగ దాకా నా సైన్యంలో ఏ సిపాయికీ తల ఉండరాదు. ఉన్న తలలు ఊడబెరికి అగ్గిపెట్టెలో వేయవలెను. తల లేకుండా కాపలా ఎలా కాసేదని ఏ సిపాయి అయినా అడగదలిస్తే, అడగడానికి వాడికి నోరు లేదు గనక ఆ ఫిర్యాదు చెల్లదు.

శాసనం సమాప్తం.

కాంచన వచ్చి ఏం రాస్తున్నావని అడిగింది. రామకోటి అన్నాను. నా పెళ్ళానికి తెలుగు మాట్లాడటం వచ్చు, తిట్టడం ఇంకా బాగా వచ్చు, అక్షరం మాత్రం రాదు. చదివేది అరవం. అందుకే ఈ నోటుబుక్కును ధైర్యంగా దేవుడి పటాల పక్కనే పెడుతున్నాను. ఇప్పటికే పక్కింటి పాపాతితో చెప్పిందట, మా ఆయనకు ఇన్నాళ్ళకు భక్తి పుట్టిందని.

ఇక జరిగింది. పెద్ద విషయమేమీ కాదు. చిన్న తమాషా.

వేలూరు నుంచి విమల్ అనే ఇంజినీరింగ్ చదివే అబ్బాయి స్నేహితుల్ని వెంటేసుకుని మా సైన్యాలు చూడటానికి వచ్చాడు. వాళ్ళూ ఈ ఆటే ఆడతారు, కాకపోతే ఇంగ్లండు సీమ నుంచి పెట్టెల్లో వచ్చే బొమ్మలతో. మీకు ఇదెట్లా అలవాటైంది అంకుల్ అని అడిగితే గొంతు సవరించుకుని చెప్పాను. చాలా బాగా చెప్పాను గనక ఇక్కడ కూడా ఒకసారి చెప్పుకుంటాను.

మునిరాజ్ నా పెళ్ళానికి అన్న. నాకు బావ. నేను వాణ్ణి బావా అంటాను, వాడూ నన్ను బావా అనే అంటాడు. వేలూరులో పెద్దాస్పత్రి పక్క సందులో ఒక లాడ్జీ కౌంటర్లో కూర్చుంటాడు. వైద్యానికి వచ్చిన బెంగాలీ కుటుంబం ఒకటి గది ఖాళీ చేస్తూ ఒక అట్టపెట్టె మరిచిపోయింది. ఏళ్ళు గడిచినా ఎవరూ దాని కోసం రాలేదు. తెరిస్తే అందులో బొటనవేలంత సిపాయిలు. చేతులు వేరు, కాళ్ళు వేరు, తలలు వేరు, అన్నీ ప్లాస్టిక్ చట్రాలకు కాయల్లా వేలాడుతున్నాయి. యుద్ధం ఎలా ఆడాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి. మేమిద్దరం ఈ ఊరి తెలుగుబడిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకేచోట ఆగిపోయినవాళ్ళం. బొమ్మలు చూసి సగం నియమాలు తెలుసుకున్నాం, మిగతా సగం పోట్లాడి నిర్ణయించుకున్నాం. పెట్టెలో సిపాయిలు అయిపోయాక మేమే చేయడం మొదలుపెట్టాం. ఎముకకు రాగితీగ, కండకు పుట్టీ, తలపాగాకు లుంగీ నేతలో మిగిలిన నూలుపోగు, కాళ్ళ కింద నేలకు సోడామూత, దాని మీద కౌండిన్య ఏటి ఇసుక. ఆగిపోయిన నా మగ్గం మీద పలకలు పరిస్తే అదే యుద్ధభూమి. దళం ఎంత దూరం నడవాలో కొలవడానికి దర్జీ టేపు, ఎవడు చచ్చాడో తేల్చడానికి దాయాలు, అనగా పాచికలు. సిపాయిని నిలబెట్టడం నా పని. ముఖం చెక్కడం వాడి పని. నేను ముఖం జోలికి పోను, వాడు మెడ జోలికి రాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు బావ తన సేనాపతిని చూపిస్తానని లేచాడు. గుర్రం మీద కూర్చున్న రాణి. ఏడాదిగా చేస్తున్నాడు. ఎవరికీ చూపించకుండా మా ఇంట్లోనే, మగ్గం వెనక గూట్లో, ఎర్రగుడ్డ కప్పి దాచుకున్నాడు.

నా ఇంట్లో దాస్తే నేను చూడకుండా ఉంటానా. ముందురోజే చూశాను. బ్లేడుతో తల తీసేసి, క్రిస్మస్ పశువుల పాకలో పెట్టే ప్లాస్టిక్ గొర్రె తల ఒకటి అతికించాను. మెడ కొలత ఎంత కచ్చితంగా కుదిరిందంటే నా చేతిని నేనే ముద్దు పెట్టుకున్నాను.

బావ ఎర్రగుడ్డ తీశాడు. వాళ్ళు నవ్విన నవ్వుకు పలకలు అదిరి ముందు వరసలో సిపాయిలు పడిపోయారు. ఒకడు ఫోన్లో ఫొటో తీశాడు. బావ కూడా నవ్వాడు. నవ్వాడనే అనుకుంటున్నాను. తర్వాత ఆ గొర్రె రాణిని చొక్కా జేబులో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు. నేను గొర్రెలా అరుస్తూ బస్టాండు దాకా వెంటపడ్డాను. వేలూరు బస్సు కదలబోతోంది. వాడు మెట్టెక్కి, కుడిచేత్తో కమ్మీ పట్టుకుని, తల వెనక్కి తిప్పి నన్ను చూసి, "శిరస్సుకు వస్తాలే బావా" అన్నాడు.

అన్నాడంటే కోపం లేదన్నమాట. అందుకే పై శాసనం. గంగమ్మ తలను ఊరంతా ఊరేగించి, గుళ్ళో ఒంటికి పెట్టి, కళ్ళు తెరిపించేది ఆ రోజే. మావాళ్ళ తలలూ ఆ రోజే, వాడి చేతుల మీదుగా. రాణి తల నా దగ్గరే ఉంది. దూదిలో చుట్టి మిగతా తలలతోపాటు అగ్గిపెట్టెలో పెట్టాను.

ఏప్రిల్ 7

ఫోన్ తీయలేదు. లాడ్జీలో రద్దీ అయి ఉంటుంది.

ఏప్రిల్ 9, బుధవారం

గొర్రె అరుపు అరిచి, రికార్డు చేసి పంపాను. విన్నట్టు నీలం గుర్తులు పడ్డాయి. విన్నవాడు నవ్వకుండా ఉంటాడా. నవ్వుతూ ఉంటే ఫోన్ చేయడం కుదరదు కదా.

ఈ రోజు ఈటెల దళానికి ఒళ్ళు కట్టాను. విమల్ దగ్గర ఉన్న సీమ సిపాయిల్ని చూశాను, అందరూ కాళ్ళు బారచాపి, కత్తి ఎత్తి, నోరు తెరిచి ఉంటారు. ఇరవైనాలుగ్గంటలూ అరుస్తూ ఉండేవాడు యుద్ధమేం చేస్తాడు. వాడికి గొంతు నొప్పి. నా సిపాయి అలా నిలబడడు. ఒక కాలి మీద బరువు వేసి, రెండో మోకాలు కాస్త వదులుచేసి, ఈటెను భుజానికి ఆనించుకుని ఉంటాడు, బస్సు కోసం నిలబడ్డ మనిషిలాగా. చేతులు, కాళ్ళు ఎవడైనా వంచుతాడు. మనిషి గుణమంతా మెడలో ఉంటుంది. మెడ తీగ ముందుకు వంచితే వాడు పోతున్నవాడు. ఒక్క వెంట్రుకంత వెనక్కి తిప్పితే, పోతూ కూడా ఎవర్నో వదల్లేనివాడు. అంతే తేడా. బావ ఇది చూసి, నీకు ఎనిమిదో తరగతి దండగ బావా, నువ్వు శవాలకు లేచి కూర్చోవడం నేర్పే పనికి పోవాల్సింది అనేవాడు.

మెడలు తయారు. తలలు లేవు. శాసనం శాసనమే.

ఏప్రిల్ 13, ఆదివారం

రేపు అరవవాళ్ళ సంవత్సరాది. మాకు ఉగాది అయిపోయినా కాంచన రెండో పండగ కూడా వదలదు. సాయంత్రం దీపం పెట్టబోతూ నా అగ్గిపెట్టె తెరిచింది.

"ఏందప్పా ఇది, మిరియాలా?" అంది.

సిపాయిల తలలు అన్నాను. తిట్టడానికి నోరు తెరిచినదల్లా, దూదిలో ఉన్న తల చూసి ఆగిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది.

"ఇది మా వదినప్పా," అంది. "ముక్కుకు రెండు పక్కలా బేసరి ఉండాది చూడు. ఎడమ కనుబొమ్మ తెగి ఉండాది. మగ్గంలోంచి నాడె ఎగిరొచ్చి తగిలిందే, ఆ గాటు."

బియ్యపు గింజంత ముఖం. నేను తీసుకుని చూశాను. రాజాంబాళ్. బావ పెళ్ళాం. పోయిన సంవత్సరానికి ముందు సంవత్సరం, వానల్లో పోయింది. ఆమె పోయాక బావ ఇక్కడి ఇంటికి తాళం వేసి లాడ్జీలోనే ఒక గదిలో ఉండిపోయాడు. ఆదివారం మాత్రం సైన్యం కోసం వచ్చేవాడు. సైన్యం కోసమేనని నేను అనుకునేవాణ్ణి.

నాకు చెప్పలేదు. ఎందుకు చెప్తాడు. మేం మాట్లాడుకునేదంతా వెక్కిరింతే. పెళ్ళాం పోయిన రోజు కూడా వాడు నాతో అన్న మొదటి మాట, నీ చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నావు బావా అని.

తల ఎట్లా ఊడిందని కాంచన అడిగింది. ఊడింది అన్నాను. అన్న ఎందుకు రావటం లేదని అడిగింది. అప్పుడు చెప్పాను, శిరస్సుకు వస్తానన్నాడని, బస్సు మెట్టు మీద నిలబడి, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, తల వెనక్కి తిప్పి, నవ్వుతూ చెప్పాడని. తల వాడే వచ్చి అతికిస్తాడని కూడా చెప్పాను.

ఆమె ముఖం తేటపడింది. "అమ్మవారి పండగ మీద మాటిచ్చినాడంటే వస్తాడు. మా అన్న మాట తప్పే మనిషి కాదు," అని దూది మళ్ళీ చుట్టి, అగ్గిపెట్టెను పటాల ముందు పెట్టి, దానికీ కుంకుమ బొట్టు పెట్టింది.

ఏప్రిల్ 14

ఆ ముఖం నేను చూడలేదు. కోసేటప్పుడు మెడ మాత్రమే చూశాను.

ఏప్రిల్ 20, ఆదివారం

రాలేదు. శిరస్సుకు కదా నేను రమ్మన్నది. అదే, వాడు వస్తానన్నది. శిరస్సుకే.

ఆట ఊరికే ఆగకూడదని రెండు సైన్యాల్నీ నేనే నడిపించాను. నా దళం నడిపి, మగ్గం చుట్టూ తిరిగి వెళ్ళి, బావ కూర్చునే పీట మీద కూర్చుని, వాడి దళం నడిపాను. వాడిలాగే దాయాలు పిడికిట్లో పెట్టి ఊదాను. వాడిలాగే టేపును కాస్త సాగదీసి కొలిచాను. ఇటు తిరిగొచ్చి, దొంగ నాయాలా, టేపు సాగదీస్తావా అని తిట్టబోతే ఎదురుగా పీట ఖాళీ.

రెండు వైపులా నేనే ఓడిపోయాను.

ఏప్రిల్ 27, ఆదివారం

లుంగీల మూట ఒక అంగడికి ఇవ్వాలని వేలూరు పోయాను. మూట ఇవ్వాల్సిన అంగడి కోటకు ఈ పక్క. నా కాళ్ళు ఆస్పత్రి సందు దాకా పోయాయి. కాళ్ళను నేనేం చేయను.

లాడ్జీకి ఎదురుగా టీ బంకు. ఆ సందంతా బెంగాలీ బోర్డులు, ఎక్స్‌రే కవర్లు పట్టుకున్న జనం. అద్దం తలుపు వెనక బావ కనిపించాడు. గడ్డం పెరిగింది. తాళాలు గోడకు తగిలించాడు, ఎవరికో వేడినీళ్ళ బకెట్టు చూపించాడు. జనం తగ్గాక చొక్కా జేబులోంచి ఏదో తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. బొటనవేలితో దాని మీద ఏదో తుడిచినట్టు చేశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నా జేబులో అగ్గిపెట్టె ఉంది. ఊపితే తలలు గలగలమన్నాయి. రోడ్డు దాటితే చాలు.

టీ మాస్టరు ఎవరి కోసం చూస్తా ఉండారని అడిగాడు. తల కోసం అన్నాను. ఆస్పత్రి సందు కదా, వాడేమీ ఆశ్చర్యపోలేదు, న్యూరోకు పోవాల్సింది ముందు గేటు అని దారి చెప్పాడు.

బావకు పని ఎక్కువగా ఉంది. పనిలో ఉన్న మనిషిని కదిలించడం మర్యాద కాదని వచ్చేశాను. నేను మర్యాదస్తుణ్ణి.

తిరుగు బస్సు పళ్ళికొండలో ఆగింది. ఇదివరకు ఇద్దరం ఇక్కడ దిగి రంగనాథుణ్ణి చూసి, హైవే హోటల్లో పరోటా తిని వచ్చేవాళ్ళం. దేవుడు ఒత్తిగిలి పడుకుని ఉంటాడు. చూసిన ప్రతిసారీ బావ నా చెవిలో, ఈ నిలుపు నీకు రాదు బావా, నిద్రపోకుండా పడుకోబెట్టడం నీ వల్ల కాదు అనేవాడు. నిజమే. ఒకటి రెండు ప్రయత్నించాను, శవాల్లా వచ్చాయి. ఇవాళ దిగలేదు. కిటికీలోంచి గోపురానికి దండం పెట్టుకున్నాను, పక్కసీటు మీద మూట ఉంది. అంగడిలో ఇవ్వడం మరిచిపోయాను.

మే 4, ఆదివారం

మగ్గం మీద సైన్యమంతా బారులు తీర్చాను. దర్జాగా ఉంది. ఒక్కడికీ తల లేదు.

కాంచన కాఫీ తెచ్చి ఇచ్చి, గ్లాసు తీసుకుపోకుండా అక్కడే నిలబడింది. తల లేకపోయినా మెడ తీగ ఏ వైపు తిరిగిందో చూస్తే వాడు ఎటు చూస్తున్నాడో తెలుస్తుంది. నేను గమనించనే లేదు.

"వీళ్ళంతా వాకిలి పక్కకే చూస్తా ఉండారే," అంది. "శత్రువు ఈ పక్క కదా ఉండాది?"

గాలి వాటం అన్నాను. మగ్గం గుంటలో గాలి.

ఆమె పోయాక కొత్తవాణ్ణి ఒకణ్ణి చేశాను. ఏ దళానికీ చెందనివాడు. ఒక సోడామూత మీద ఇంకో మూత అంటించి మెట్టులా చేశాను. కుడికాలు మెట్టు మీద, ఎడమకాలు నేల మీద. చెయ్యి పైకి, కమ్మీ పట్టుకున్నట్టు. మెడ వెనక్కి. ఎన్నిసార్లు తిప్పినా సరిపోలేదు. తక్కువ తిప్పితే బస్సులో సీటు వెతుక్కుంటున్నట్టున్నాడు. ఎక్కువ తిప్పితే మెడ పట్టేసినట్టున్నాడు. తీగ వంచి వంచి తెగిపోయింది. ఇంకో తీగ వేశాను.

ఏ చెయ్యి పెట్టాలో కూడా తేలలేదు. కుడిచెయ్యా, ఎడమచెయ్యా.

మే 10

శిరస్సు సంగతి గుర్తుచేస్తూ బావకు మెసేజీ రాశాను. పంపలేదు. వస్తానన్నవాడికి గుర్తు చేయడమేమిటి.

మే 11, ఆదివారం

మా అన్న వస్తా ఉండాడని కాంచన వీధంతా చెప్పింది. పాపాతి దగ్గర మంచి ఎండుచేపలు తెప్పించింది. వదిన పోయినాక వాడు కరువాటి పులుసు తిని ఉండడట. గోడకు సున్నం కొట్టించింది. వాడికి కొత్త లుంగీ మా మగ్గం మీదే నేయాలంది, పలకలు తీయాలంటే సైన్యాన్ని దించాలి, అందుకని పక్కింటి మగ్గంలో నేయించింది.

నేను ఆపలేదు.

మే 15, గురువారం. శిరస్సు

అమ్మవారి తల మా వీధి చివర దాటేసరికి ఎండ ఇంకా ముదరలేదు. తప్పెట్లకు పలకల మీద సిపాయిలు వణికారు. కొబ్బరికాయలు పగిలి రోడ్డంతా నీళ్ళు, చిప్పలు. పూలలో మునిగిపోయిన ఆ పెద్ద ముఖం జనం తలల మీదుగా తేలుతూ వచ్చింది. ప్రతి ఏడూ చూసేదే. ఒంటి మీద లేని తల అలా ఊరంతా తిరిగి, తన ఒళ్ళు ఎక్కడుందో అక్కడికి పోతుంది. పోయినేడాది ఇక్కడే బావ నా భుజం మీద గడ్డం ఆనించి, చూడు బావా, మెడ లేకుండానే ఎంత బాగా నిలబెట్టినారో అన్నాడు. ఇద్దరం నవ్వాం. కాంచన నెత్తిన మొట్టింది, ఇద్దర్నీ.

కాంచన ఊరేగింపు చూడలేదు. బస్టాండు వైపు చూస్తూ వాకిట్లోనే నిలబడింది. మధ్యాహ్నం కొబ్బరి చిప్పలు ఏరుకునేవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. సాయంత్రం అమ్మవారికి కళ్ళు తెరిచారని మైకులో చెప్పారు. కొత్త లుంగీ మడత మడతలాగే ఉంది.

నేను అగ్గిపెట్టె తెరిచి, మూశాను.

మే 16

పులుసు గిన్నెతో సహా పాపాతి ఇంటికి పోయింది. కాంచన ఒకే ఒక మాట మాట్లాడింది.

"నన్ను చూడ్డానికి రాకుంటే పోనీ. అమ్మవారి పేరు మీద మాటిచ్చి తప్పినాడు. ఇంక వాడు నాకు అన్న కాదు."

ఆమె అన్నదంటే అన్నదే. సొంత పిన్నమ్మతో ఇలాంటిదానికే ఇప్పటికీ మాటలు లేవు. ఆ పిన్నమ్మ మూడు గుమ్మాల అవతల ఉంటుంది.

చెప్పవలసిన మాట ఒకటుంది. చెప్పాలి. రేపు చెప్తాను.

మే 17, శనివారం

చెప్పలేదు. నేను నోరు విప్పకముందే ఆమె ఫోన్ తీసింది. నా ఫోన్ అయితే ఎత్తడు, చెల్లెలి ఫోన్ ఎత్తాడు. స్పీకరు పెట్టింది, నేనూ వినాలని.

"అన్నా, నేను ఒకటే అడగతాను. శిరస్సుకు వస్తానని బస్సు మెట్టు మీద నిలబడి ఈయనకు చెప్పినావా లేదా? చెప్పలేదంటే చెప్పలేదను. చెప్పి రాకుండా ఉంటే మాత్రం ఇంక నా గడప తొక్కద్దు."

అవతల లాడ్జీ గంట మోగింది. ఎవరో బెంగాలీలో ఏదో అడుగుతున్నారు. నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాను. చేతిలో ఉన్న మెట్టు సిపాయిని గట్టిగా పట్టుకున్నాను.

"బావ అట్లా చెప్పినాడా?" అన్నాడు చివరికి.

"అవును. నువ్వు తిరిగి చూసి, నవ్వి మరీ చెప్పినావంట."

ఫ్యాను చప్పుడు వినబడుతోంది, అక్కడి ఫ్యానో ఇక్కడిదో.

"అవునమ్మా," అన్నాడు. "చెప్పినాను. తప్పు నాదే. రేపు డ్యూటీ ఉండాది. ఆ పై ఆదివారం వస్తాను. వాకిలి మూయద్దు."

కాంచన ఏడ్చింది. నన్ను చూసి, ఏందప్పా నువ్వూ అట్లా ఉండావు అంది. తీగ గుచ్చుకుందన్నాను. గుచ్చుకుంది కూడా, అరచేతిలో మెట్టు సిపాయి చెయ్యి దిగబడి ఉంది.

మే 18

పులుసు గిన్నె పాపాతి ఇంటి నుంచి తిరిగి వచ్చింది. ఖాళీగా.

మే 25, ఆదివారం

వచ్చాడు.

గడ్డం గీసుకున్నాడు. చెల్లెలి చేత తిట్లన్నీ తిన్నాడు, ప్రతి తిట్టుకూ అవునమ్మా అవునమ్మా అంటూ. మరిచిపోయినానమ్మా, రద్దీ అమ్మా, తప్పమ్మా. నేను తూర్పు గోడ వైపు చూస్తూ ఉన్నాను. కొత్త సున్నం బాగా పట్టింది.

కొత్త లుంగీ కట్టుకుని, కరువాటి పులుసు మళ్ళీ మళ్ళీ వేయించుకుని తిన్నాడు. కాంచన ఆకులు తీయడానికి లోపలికి పోయింది. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి బావ మగ్గం దగ్గర వాడి పీట మీద కూర్చుని సైన్యాన్ని చూస్తున్నాడు. తల లేని మెడలన్నీ వాడి వైపే తిరిగి ఉన్నాయి. వాడి పీట వాకిలి పక్కనే కదా.

అందరికన్నా ముందు నా సేనాపతి. వాడికి మాత్రం తల ఉంది. గొర్రె తల.

నేను చేతులు కడుక్కున్నంతసేపట్లో పెట్టాడు, దొంగ నాయాలు. అతికి కూడా అతికించాడు. ఊడి రాలేదు.

"వాడికి బాగా కుదిరింది బావా," అన్నాడు. "అచ్చం నీ మాదిరి ఉండాడు."

చొక్కా జేబులోంచి రాణిని తీసి పలక మీద పెట్టాడు. గుర్రం, కళ్ళెం పట్టిన చెయ్యి, చీర కుచ్చిళ్ళు, పైన ఖాళీ మెడ. గొర్రె తల కోసినచోట ఎంత నున్నగా అరగదీశాడో. నేను అగ్గిపెట్టె తీసి ముందుకు జరిపాను. దాని మీద కుంకుమ బొట్టు చూసి ఇదేమిటన్నట్టు నన్ను చూశాడు. నీ చెల్లెలు పెట్టిందన్నాను. దూది విప్పాడు. అరచేతిలో పెట్టుకున్నాడు, ఆ రోజు అద్దం తలుపు వెనక చూసినట్టే. బొటనవేలితో తుడవబోయి, ఆగాడు.

నేను ఏదో చెప్పబోయాను. గొంతు దాకా వచ్చిన మాట గొర్రె అరుపులా వచ్చేటట్టుంది. మింగేశాను.

"నువ్వే పెట్టు," అన్నాడు. "మెడ నీ పని కదా."

గమ్ము పెట్టి, సూదితో నిలబెట్టాను. ముందుకు చూస్తున్నట్టు పెట్టాలి, సేనాపతి కదా. నా చెయ్యి ఊరుకోలేదు. గమ్ము ఆరేలోపల ఒక్క వెంట్రుకంత వెనక్కి తిప్పాను. గుర్రం ముందుకు పోతూ ఉంది. ఆమె ఇటు చూస్తూ ఉంది.

బావ కిందికి వంగి, కంటిని ఆమె ముఖం ఎత్తుకు తెచ్చి చూశాడు.

"ఆమె ఇట్లా తిరిగి చూసింది కాదు బావా," అన్నాడు. "స్ట్రెచర్ మీద పోతా పోతా పైకప్పునే చూసింది."

తీసేసి మళ్ళీ పెట్టమంటావా అని అడిగాను. గమ్ము ఇంకా పచ్చిగానే ఉంది.

"వద్దు. చూడనీ."

ఆ తర్వాత మిగతా తలలు ఒక్కొక్కటే ఇచ్చాడు, ఒక్కొక్కటే పెట్టాను. ఆడాం. టేపు సాగదీశాడు. తిట్టాను. ఓడిపోయాను.

లేవబోతూ పలక అంచున ఉన్న మెట్టు సిపాయిని చూశాడు. ఇంకా తల పెట్టనివాడు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నేను ఏ చేత్తో పట్టుకున్నాను బావా కమ్మీ? రేపు నా చెల్లెలు అడిగితే ఇద్దరం ఒకే చెయ్యి చెప్పాల కదా."

కుడిచెయ్యి అన్నాను.

"సరి. కుడిచెయ్యి," అని దాన్ని జేబులో వేసుకున్నాడు. ముఖం చేసి తెస్తాడట, వచ్చే ఆదివారానికి.

బస్టాండు దాకా పోయాను. ఇవాళ బస్సెక్కి వాడు తిరిగి చూశాడో లేదో రాయను. రాసినా నన్ను నేనే నమ్మను.

ఏప్రిల్ ఆరో తేదీన మాత్రం చూడలేదు. మెట్టెక్కి, లోపలికి పోయి, అవతలి కిటికీ దగ్గర కూర్చున్నాడు. బస్సు పోయేదాకా నాకు వాడి వీపు కనిపించింది. శిరస్సుకు వస్తానని వాడు అనలేదు. ఆ మాట, ఆ నవ్వు, వెనక్కి తిరిగిన ఆ మెడ, అన్నీ నేను కల్పించినవే.